పూతలపట్టు నుంచి చికాగో ఎంత దూరం?

కర్నూలు నుంచి కడప, రాయచోటి, పీలేరు మీదుగా వచ్చే జాతీయ రహదారిలో తిరుపతి రహదారి వచ్చి కలిసే చోటు పూతలపట్టు. అక్కడి నుంచి చిత్తూరు అరగంట. చిత్తూరు దాటాక ఒక దారి చెన్నైకి, ఇంకొకటి పలమనేరు మీదుగా బెంగళూరుకు చీలిపోతుంది. మామిడికాయల లారీలు, బెల్లం బండ్లు, కాణిపాకం వెళ్లే భక్తుల బస్సులు తిరిగే ఈ రోడ్డు మీద, పైన పెద్ద పెట్టెలు కట్టుకున్న కార్లు కూడా కనబడుతుంటాయి. అవి కొన్ని చెన్నై మీనంబాకం విమానాశ్రయానికి, కొన్ని బెంగళూరు దేవనహళ్లికి పోతాయి. పూతలపట్టు నుంచి చూస్తే రెండూ ఇంచుమించు సమదూరమే. గాల్లో గీత గీస్తే చెన్నై విమానాశ్రయం 130 కిలోమీటర్ల దరిదాపు, బెంగళూరుది 145 దరిదాపు. రోడ్డు మీద ఎటు పోయినా నాలుగు గంటలు చేతిలో ఉంచుకోవాలి.

ఆ కార్లలో కూర్చున్నవాళ్లను యాడికి ప్రయాణమని అడిగితే ఎక్కువగా రెండే జవాబులు. కొడుకో కూతురో ఉన్న అమెరికాకు. లేదంటే పనికి కువైట్‌కు.

ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, మధ్య దూరం, పట్టే సమయం వచ్చేస్తాయి. చెన్నై నుంచి చికాగోకు నేరుగా గీత గీస్తే దాదాపు 13,800 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 14,000. చెన్నై నుంచి కువైట్‌కు 3,800 లోపు. ఈ అంకెల్లో తప్పేమీ లేదు. అయితే ఇవి విమానం లెక్కలు. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అవతలి ఇంటి గడప తొక్కే దాకా పట్టే కాలాన్ని ఇవి చెప్పవు. ఆ కాలంలో కొంత భూగోళం చేతిలో ఉంది, కొంత గాలి చేతిలో, కొంత దేశాల మధ్య తగాదాల చేతిలో. మిగిలినది మన ప్రభుత్వాల చేతిలో, మన చేతిలో ఉంది. ఏది ఎవరి చేతిలో ఉందో విడదీసి చూస్తే, ఎక్కడ అడగాలో, ఎక్కడ సర్దుకోవాలో తెలుస్తుంది.

దారం పట్టి చూడండి

గోడ మీది ప్రపంచపటం చూసిన ఎవరైనా అమెరికా పడమర దిక్కున ఉందంటారు. అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి పోవాలని అనుకుంటారు. పిల్లల పుస్తకాల బీరువాలో గుండ్రటి గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని చెన్నై మీద ఒక కొస, చికాగో మీద ఇంకో కొస పెట్టి బిగించండి. దారం పడమరకు పోదు. ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ దగ్గరగా సాగి, కాశ్మీరు మీదుగా మధ్య ఆసియాలోకి, సైబీరియా పడమటి అంచు గుండా ఆర్కిటిక్ సముద్రంలోకి ఎక్కుతుంది. గ్రీన్‌లాండ్‌కు, స్వాల్‌బార్డ్ దీవులకు నడుమ ఉత్తర ధ్రువానికి పది డిగ్రీల దూరం దాకా వెళ్లి, కెనడా మీదుగా చికాగోకు దిగుతుంది. గుండ్రటి నేల మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఇదే. దీన్నే మహావృత్త మార్గం అంటారు. నాలుగు మూలల కాగితం మీదికి ఈ దారి వంకరగా దిగుతుంది కాబట్టి, విమానం చుట్టూ తిప్పి తీసుకుపోతున్నట్టు సీటు ముందరి తెర మీద కనబడుతుంది. అమెరికా నుంచి మొదటిసారి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ‘మంచు సముద్రం మీద తీసుకొచ్చినారు’ అని ఆశ్చర్యంగా చెప్పడం ఇందుకే.

భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా ఉండగల అత్యధిక దూరం ఇరవై వేల కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. పూతలపట్టుకు సరిగ్గా అవతలి వైపు ఏ ఊరూ లేదు, దక్షిణ అమెరికాకు పడమర పసిఫిక్ నీళ్లున్నాయి. ఆ లెక్కన చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో మనకు భూమి మీద ఉండగల దూరంలో మూడింట రెండు వంతులకు పైగా దూరంలో ఉన్నట్టు. ఈనాటి విమానాలు ఎక్కడా ఆగకుండా పోగలిగే హద్దు కూడా ఇంచుమించు అక్కడే ఉంది. సింగపూర్–న్యూయార్క్ మధ్య 15,300 కిలోమీటర్ల పైన, పద్దెనిమిది గంటలకు పైగా సాగే ప్రయాణం ప్రపంచంలోకెల్లా పొడవైన సర్వీసుగా పేరుపడింది. మన ప్రయాణం దానికి కొంచెమే తక్కువ.

దారం చూపిన దారినే విమానం పోతుందనుకోకూడదు. కాశ్మీరు దాటాక కారకోరం, హిందూకుష్ కొండలున్నాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే ప్రయాణికులు ఊపిరి తీసుకోవడానికి విమానం వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. కింద ఏడువేల మీటర్ల శిఖరాలుంటే ఎక్కడికి దిగుతారు? అందుకే ఆ కొండల మీద ముందే ఆలోచించి గీసిన కొద్దిపాటి దారుల్లోనే పోతారు, లేదా తప్పించుకుని పోతారు.

దూరం ఎక్కువ, సమయం తక్కువ

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు తిప్పింది. కొత్త దారి 15,300 కిలోమీటర్లు. పాతదానికంటే దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారిలో పట్టే కాలం కంటే దాదాపు రెండు గంటలు ముందు. దూరం పెరిగితే సమయం తగ్గడమేమిటి?

భూమి తిరుగుడే కారణమని చెప్పేవాళ్లు ఉన్నారు. విమానం గాల్లో ఉండగా భూమి కింద తిరిగిపోతుందనే ఊహ అది. భూమితో పాటే గాలి కూడా తిరుగుతుంది కాబట్టి ఆ లెక్క నిలవదు. అసలు కారణం జెట్ స్ట్రీమ్. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఉరవడిగా వీచే గాలి ఇది. చలికాలంలో గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. తూర్పుకు పోయే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, పడమరకు పోయేదాన్ని ఎదురొచ్చి పట్టి ఆపుతుంది. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఈ తోపు, ఈ అడ్డు కలిసి రెండు మూడు గంటల తేడా తెస్తాయి. అందుకే వెళ్లేటప్పటి టికెట్ మీది గంటలు, వచ్చేటప్పటి టికెట్ మీది గంటలు సమానంగా ఉండవు. దారి ఏదన్నది ఆ రోజు గాలి చూసి నిర్ణయిస్తారు. నిన్న పోయిన దారిలో ఇవాళ పోకపోవచ్చు.

మన బెంగళూరుకు సంబంధించి ఇందులో గుర్తుంచుకోదగిన రోజు ఒకటుంది. 2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎయిర్ ఇండియా బోయింగ్ 777 బయల్దేరింది. కాక్‌పిట్‌లో ఉన్నదంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. వాళ్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపి, పదిహేడు గంటల దరిదాపున, సోమవారం తెల్లవారుజామున దేవనహళ్లిలో దించారు. నడుమ ఉన్న ఆదివారమంతా గాల్లోనే గడిచిపోయింది. అక్కడికీ ఇక్కడికీ చలికాలంలో పదమూడున్నర గంటల తేడా మరి. దక్షిణ భారతం నుంచి అమెరికా పడమటి తీరానికి ఎక్కడా దిగకుండా పోయే మొదటి దారి అలా తెరుచుకుంది. ఆ నలుగురిలో పాపగారి తన్మయి అన్న ఇంటిపేరు, పేరు చూసిన ఏ తెలుగువాడికైనా గుండె నిండుతుంది. అదే నెలలో హైదరాబాద్–చికాగో సర్వీసు కూడా మొదలైంది, కానీ నిలబడలేదు. బెంగళూరు సర్వీసు కూడా నడుమ కొన్ని నెలలు ఆగి 2022 డిసెంబరులో తిరిగి మొదలైంది. ఇంత దూరం ఆగకుండా పోవడానికి మోసుకెళ్లాల్సిన ఇంధనం బరువే ఎక్కువ, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం ఖర్చు. నూనె ధర కాస్త పెరిగినా, దారి కాస్త వంకర తిరిగినా ముందుగా దెబ్బతినేవి ఇలాంటి సర్వీసులే. టికెట్ కొనేవాళ్లు నిరుడు ఉన్నదే ఈ ఏడూ ఉంటుందని ఊహించుకోకూడదు.

మూసుకుపోయే ఆకాశం

ఆకాశానికి గోడలు లేవంటారు, కానీ గేట్లు మాత్రం ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, ఐరోపా విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. మన విమానాలకు అది తెరిచే ఉంది. దానివల్ల సమయం కలిసి వచ్చింది, ఒకసారి కష్టమూ వచ్చింది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు. అది పెద్ద నగరం కాదు, హోటళ్లు చాలక తాత్కాలిక విడుదుల్లో ఉంచాల్సి వచ్చింది. మన దేశం నుంచి ఇంకో విమానం వెళ్లాక గానీ వాళ్లు అమెరికా చేరలేదు.

2025 ఏప్రిల్ చివర నుంచి భారత విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలన్నీ దక్షిణంగా దిగి చుట్టూ పోవాల్సి వచ్చింది. ఈ విషయంలో మన వైపు ప్రయాణికుల అదృష్టం బాగుంది. చెన్నై, బెంగళూరు నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగానే పోతాయి కాబట్టి వాటి దారి మారలేదు. అదే సంవత్సరం జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని మూసినప్పుడు మాత్రం ఆ అదృష్టం పనిచేయలేదు. దోహా దారిన పోవాల్సిన వాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

రాయలసీమ ఇళ్లలో దీనికంటే పాత జ్ఞాపకం ఒకటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. ఐదు గంటల విమాన ప్రయాణంతో తేలిపోయే దారి ఒక్క రోజులో మాయమైంది. మనవాళ్లు బస్సుల్లో బాగ్దాద్‌కు, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేరాల్సి వచ్చింది. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 సార్లు విమానాలు నడిపి లక్షా పది వేల మందికి పైగా తెచ్చింది. పౌర విమానాలతో జరిగిన తరలింపుల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దాన్ని చెబుతారు. బొంబాయి చేరినవాళ్లకు ఇంకా రైలు ప్రయాణం మిగిలే ఉంది. అప్పుడు కువైట్ నుంచి ఇంటికి ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరుంటారు?

పోయినవాళ్లు, వచ్చినవాళ్లు

దూరప్రయాణం ఈ నేలకు కొత్త కాదు. పూతలపట్టుకు దగ్గర్లోని అరగొండలో అర్ధగిరి వీరాంజనేయస్వామి కొండ ఉంది. లక్ష్మణుడి కోసం ఆంజనేయుడు సంజీవని కొండను ఎత్తుకుని లంకకు ఎగురుతుండగా అందులో సగం ఇక్కడ పడిందని స్థలపురాణం. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, పటం తీసి చూస్తే ఆ కథలో దారి తప్పలేదు. ద్రోణగిరి పేరుతో పిలిచే శిఖరం ఉత్తరాఖండ్‌లో 80 డిగ్రీల రేఖాంశానికి పక్కనే ఉంది, లంక పడమటి తీరం కూడా ఆ రేఖకు పక్కనే. నిట్టనిలువుగా దక్షిణానికి దిగే రెండువేల ఆరువందల కిలోమీటర్ల ఆ దారికి అరగొండ పెద్ద పక్కకు కాదు.

చరిత్రలోకి వస్తే దారి ఓడది. చిత్తూరు 1911లో జిల్లా కాకముందు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నుంచి చెరకు తోటల పనికి వేలమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పోయారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. దాదాపు ఐదు వారాలు. గాల్లో గీత గీస్తే అది ఏడువేల కిలోమీటర్లే, చికాగో దారిలో సగం. ఐదేళ్ల ఒప్పందం మీద పోయిన వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల వారసులు ఇవాళ డర్బన్‌లో తెలుగు సంఘాలు నడుపుకుంటున్నారు.

తర్వాతి కాలంలో పోయినవాళ్లు తిరిగి వచ్చిన కథలు కూడా ఇక్కడివే. అరగొండలో 1933లో పుట్టిన ప్రతాప్ సి.రెడ్డి అమెరికాలో గుండె వైద్యుడిగా ఉండి, తండ్రి రాసిన ఉత్తరంతో వెనక్కి వచ్చి, 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రి పెట్టారు. పూతలపట్టు మండలం పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో చాలా ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి వచ్చి 1985లో తిరుపతి పక్కన అమర రాజా సంస్థను స్థాపించారు, తర్వాత పేటమిట్టలోనూ కర్మాగారం వచ్చింది. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అరగొండ టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించారు. పల్లెలో ఉన్న రోగిని ఉపగ్రహం సాయంతో నగరంలోని డాక్టరు చూసే పద్ధతి ఈ దేశంలో పల్లెకు చేరింది అక్కడే. మనుషులు కదలకుండా దూరాన్ని దాటే ఆ పని ఇక్కడి నుంచి మొదలుకావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. తండ్రి ఉత్తరం అందడానికి వారాలు పట్టిన రోజుల్ని చూసినవాళ్లే దాని వెనక ఉన్నారు.

అమ్మానాన్నల ప్రయాణం

ఇప్పుడు పూతలపట్టు నుంచి చికాగోకు ఒక ప్రయాణం లెక్క కట్టి చూద్దాం. చెన్నై నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, వీటిలో ఎక్కడో ఒకచోట దిగి మారాలి. దుబాయ్ మీదుగా అనుకుందాం. ఇంటి నుంచి చెన్నైకి నాలుగు గంటలు. విమానాశ్రయంలో మూడు. దుబాయ్‌కి నాలుగు. అక్కడ నిరీక్షణ తక్కువలో తక్కువ మూడు. చికాగోకు పదిహేను. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, ఇంటికి కారు అన్నీ కలిపి రెండు. మొత్తం ముప్పై ఒక్క గంటలు. అదీ అన్నీ సవ్యంగా జరిగితే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చెన్నై–దుబాయ్–చికాగో దారి మొత్తం 14,600 కిలోమీటర్ల లోపే. నేరు దారికంటే ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా ఎక్కువ కాదు, విమానానికి అది గంట పని. అంటే మలుపు వల్ల పోతున్న కాలం స్వల్పం, పోతున్నదంతా ఆగడం వల్ల. కాబట్టి టికెట్ చూసేటప్పుడు ఏ దేశం మీదుగా అన్నదానికంటే ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు మారాలి అన్నదే ముందు చూడాలి. ఐదారు వేలు మిగులుతాయని అరవై ఐదేళ్ల తల్లిని రెండుచోట్ల దించి, పదకొండు గంటలు విమానాశ్రయం కుర్చీలో కూర్చోబెట్టడం మంచి బేరం కాదు.

పిల్లలు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉండాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత అప్పుడే విమాన సంస్థది అవుతుంది. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ రక్షణ లేదు. నడవగలిగినవాళ్లైనా ఇంగ్లీషు రాకపోతే వీల్‌చైర్ సాయం అడగండి, ముందే బుక్ చేస్తే డబ్బు తీసుకోరు. తోడు వచ్చిన మనిషి గేటు దాకా తీసుకుపోతారు, క్యూల దగ్గర మాట సాయం చేస్తారు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ జరుగుతాయి. అక్కడ పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలన్న సంగతి తెలియక కొందరు పెట్టెలు వదిలేసి పోతారు. అబుదాబి మీదుగా పోయేవాళ్లకు అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీని అబుదాబిలోనే పూర్తిచేసే ఏర్పాటు 2014 నుంచి ఉంది, అవతల దిగాక అలసటతో వరసలో నిలబడే పని తప్పుతుంది. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. సీట్లో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, కాబట్టి మధ్యమధ్య లేచి నడవాలి, నీళ్లు తాగాలి. తోటలో కోసిన తోతాపురి కాయ, పెరట్లో కరివేపాకు రెబ్బ మీద ఎంత ప్రేమ ఉన్నా పెట్టెలో పెట్టొద్దు. అమెరికా కస్టమ్స్ వాళ్లు తీసేస్తారు, చెప్పకుండా దాచితే జరిమానా వేస్తారు.

చేరాక మొదటి వారం నిద్ర ఉండదు. చలికాలంలో పూతలపట్టులో పొద్దున ఆరున్నర అయితే చికాగోలో ముందురోజు రాత్రి ఏడు గంటలు. ఒళ్లు ఈ తేడాకు సర్దుకునేది రోజుకు సుమారు గంట చొప్పున. పగలు ఎండలో తిరిగితే త్వరగా సర్దుకుంటుంది. మనవడిని చూడాలని వచ్చిన అవ్వ అర్ధరాత్రి వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటే కోడలు కంగారుపడాల్సిన పని లేదు, ఆమె ఒంట్లో అప్పుడు మిట్టమధ్యాహ్నం.

దగ్గరి ఊరికి దూరపు దారి

నా మనసు మాత్రం రెండో రకం ప్రయాణికుల దగ్గరే ఆగిపోతుంది. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, పీలేరు, మదనపల్లె, ఈ ఊళ్ల చుట్టుపక్కల పల్లెల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు పోతున్నారు. డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా, వంటవాళ్లుగా, తాపీ పనికి. ఆడవాళ్లు ఎక్కువగా ఇళ్ల పనికి. పిల్లల్ని జేజి దగ్గర వదిలి, రెండేళ్లకు ఒకసారి సెలవు మీద వచ్చి, నెల తిరక్కుండా మళ్లీ పోతారు. వీళ్ల రాకపోకల మీద ఎన్ని ఇళ్లు లేచాయో, ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, ఎంతమంది చదువుకున్నారో ఆ పల్లెల్లో తిరిగితే కళ్లకు కనబడుతుంది.

వీళ్ల లెక్క చూడండి. పూతలపట్టు నుంచి చెన్నైకి నాలుగు గంటలు, విమానాశ్రయంలో మూడు, గాల్లో ఐదు, అవతల దిగి బయటపడడానికి గంటన్నర. పదమూడున్నర గంటల్లో విమానం పట్టేది ఐదే. మిగతాదంతా నేల మీద. రాయచోటి పక్క నుంచి వచ్చేవాళ్లకు రోడ్డు ఇంకా ఎక్కువ. చికాగో పోయే వాళ్లకు మొత్తం ప్రయాణంలో అరవై శాతం గాల్లో గడిస్తే, కువైట్ పోయేవాళ్లకు అరవై శాతం నేల మీదే గడుస్తోంది. దిగబెట్టడానికి అద్దె కారు, తీసుకురావడానికి మళ్లీ అద్దె కారు, రెండింటికీ చెన్నై పోయిరావడానికి ఇంటివాళ్లకు రెండు రోజుల కూలి నష్టం. పని ఊళ్లో ప్రాణం పోయిన మనిషిని తెచ్చుకోవాల్సి వచ్చినా చెన్నైకే పోవాలి. అక్కడ పెట్టె అందుకున్నాక ఇంటికి చేరే ఆ రాత్రి ప్రయాణం ఎంత పొడవో ఆ కుటుంబాలకే తెలుసు.

చికాగోను మనం దగ్గరకు తెచ్చుకోలేం. 13,800 కిలోమీటర్లు భూగోళం రాసిన లెక్క. కువైట్ అలా కాదు. పూతలపట్టు నుంచి గంటన్నరలో పోగలిగే రేణిగుంటలో విమానాశ్రయం ఉంది. 2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ గరుడ టెర్మినల్‌ను ప్రారంభించారు. అంతర్జాతీయ విమానాశ్రయం అన్న హోదా కూడా ఉంది. రేణిగుంట నుంచి కువైట్‌కు గాల్లో గీత గీస్తే 3,700 కిలోమీటర్లు, చెన్నై నుంచి కంటే కొంచెం తక్కువే. ఆ దూరానికి పెద్ద విమానం అక్కర్లేదు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి తిరుపతికి నడుస్తున్న ఎయిర్‌బస్ 320 తరగతి విమానం ఆగకుండా పోయి రాగలదు. కోడూరువాళ్లకు, రాజంపేటవాళ్లకు, పీలేరువాళ్లకు గంట రెండు గంటల్లో అందే చోటు ఇదే.

అడ్డు ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చో ఆ రెండు ప్రభుత్వాల ఒప్పందం తేలుస్తుంది. భారత్–కువైట్ మధ్య ఏళ్ల తరబడి ఒక్కో పక్షానికి వారానికి 12,000 సీట్లే. 2025లో దాన్ని 18,000కు పెంచారు. అందులో ఏ ఊరి నుంచి ఎన్ని నడపాలో ఎంచుకునేది విమాన సంస్థలు, వాటికి పెద్ద నగరాలే ముందు కనబడతాయి. విజయవాడ నుంచి 2022 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు సర్వీసు మొదలుపెట్టింది. మంచిదే. కానీ గల్ఫ్‌కు తరతరాలుగా మనుషుల్ని పంపుతున్నది రాయలసీమ అయినప్పుడు, రాయలసీమ గడ్డ మీది విమానాశ్రయం ఆ వరసలో వెనకబడి ఉండటం న్యాయం కాదు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే 262 కిలోమీటర్ల పొడవున పలమనేరు, బంగారుపాళెం మీదుగా వస్తోంది. అది పూర్తయితే చెన్నై, బెంగళూరు దారులు కొంత కుదురుకుంటాయి. అయితే అది కారున్నవాళ్లకు, కారు అద్దె ఇచ్చుకోగలిగినవాళ్లకు కలిసొచ్చే సౌకర్యం. బస్సులో వచ్చి రెండు పెట్టెలతో దిగే మనిషికి కావలసింది ఇంటికి దగ్గర్లో విమానం.

కొత్తగా పెరిగిన ఆరు వేల సీట్లలో వారానికి మూడు నాలుగు వందలు రేణిగుంటకు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య, కడప జిల్లాల ఎంపీలు, ఎమ్మెల్యేలు పార్టీలు పక్కనపెట్టి కలిసి పౌర విమానయాన శాఖను అడగాలి. మొదటి ఏడాది సీట్లు నిండకపోతే ఆ నష్టంలో కొంత భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావాలి. కువైట్‌లో ఉన్న మన సంఘాలు సెలవుల మీద వచ్చిపోయేవాళ్ల లెక్కలు కూర్చి విమాన సంస్థల ముందు పెట్టాలి. రేణిగుంట–కువైట్ విమానం వారానికి రెండుసార్లతోనైనా మొదలు కావాలి.